చివరి 3ను షీట్ ఎందుకు మింగేసింది?

ప్రశ్న: హన్మకొండలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతాను. 9007199254740993 ప్రధాన సంఖ్యో కాదో తేల్చమన్నాను. స్ప్రెడ్‌షీట్‌లో కొడితే చివరి 3 పోయి 0 వచ్చింది. బ్రౌజర్ కన్సోల్‌లో (కోడ్ కొట్టి చూసే కిటికీలో) చివరన 2 చూపిస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మొద్దు. షీటు 15 అంకెలే ఉంచుకుని, మిగతా చోట సున్నా పెడుతుంది. బేసి సంఖ్య కాస్తా పదితో భాగింపబడేదైపోయింది! బ్రౌజర్ సంగతి వేరు. అది సంఖ్యను 64 బిట్లలో దాస్తుంది, అంకెలకు దక్కేది 53 బిట్లే. 2 ఘాతం 53 అంటే 9007199254740992. అది దాటితే 2 ఘాతం 54 దాకా సరి సంఖ్యలే పడతాయి, ఆ తర్వాత నాలుగు గుణిజాలే. మీ సంఖ్య సరిగ్గా ఆ గడపకు ఒక అడుగు అవతల ఉంది.

బ్రౌజర్‌లోనైతే సంఖ్య చివర చిన్న ‘ఎన్’ (n) అక్షరం చేర్చండి, అంకెలన్నీ నిలుస్తాయి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో పూర్ణ సంఖ్యకు ఈ హద్దే లేదు. కాకపోతే భాగహారానికి / వాడితే మళ్లీ ఆ 53 బిట్ల ఇరుకులోకే వస్తారు. // వాడండి, శేషానికి %. నిజానికి మొదటి మెట్టుకు కంప్యూటరే అక్కర్లేదు: అంకెల మొత్తం 78, కాబట్టి 3తో పోతుంది. వచ్చిన 3002399751580331ని 107తో భాగిస్తే 28059810762433, శేషం సున్నా. ప్రధాన సంఖ్య కాదు.

తరగతిలో ఇది లెక్కతో పోతుంది. వరంగల్ చౌరస్తా దుకాణాల నుంచీ ఇదే ఫిర్యాదు వస్తోంది, అక్కడ పోయేది ఖాతా నంబరు. సెల్‌ను ‘టెక్స్ట్’గా మార్చాకే నంబరు కొట్టాలి, లేదా ముందు ఒక ' గుర్తు పెట్టాలి. కొట్టాక మార్చితే పోయిన అంకె తిరిగి రాదు. సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టికను) డబుల్ క్లిక్ చేసి తెరిచి, సేవ్ నొక్కారా, ముందున్న సున్నాలూ గోవిందా. ఇంపోర్ట్‌లో ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోండి. ఇంత చేటు చేస్తూ చాలా షీట్లు ఒక్క హెచ్చరికైనా ఇవ్వవు. ఆ డిజైన్ చేసినవాళ్లు ఎన్నడూ ఖాతా నంబరు కొట్టలేదేమో!

నన్ను భయపెట్టేది మాత్రం కార్డు నంబర్ల జాబితా. 16 అంకెల కార్డులో చివరిది తనిఖీ అంకె, అంటే మిగతా అంకెల నుంచి లూన్ అనే లెక్క సూత్రంతో వచ్చేది, నంబరు తప్పు కొడితే పట్టించేది. షీటు తినేది సరిగ్గా దాన్నే. అసలు అంకె సున్నా కాకపోతే ఆ నంబరు తనిఖీలో నిలవదు. అప్పుడు కొందరు ‘నంబరు సరైనదేనా’ చెబుతామనే సైట్లలో జాబితా మొత్తం పేస్ట్ చేస్తున్నారు. దొంగకు తాళం చెవి ఇచ్చి, సరిపోయిందా అని అడిగినట్టే. అసలు కార్డు జారీ చేసిన బ్యాంకు, కార్డు నెట్‌వర్క్ తప్ప ఎవరూ ఆ నంబరు దాచుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన 2022 అక్టోబరు 1 నుంచే ఉంది. ఆ కాలమ్‌ను హైడ్ చేస్తే చాలదు. డిలీట్ చేయండి, పాత వెర్షన్లలో, ట్రాష్‌లో, వాట్సాప్‌లో పంపిన కాపీల్లో కూడా.