సాఫ్ట్‌వేరు కొనే ముందు బస్తాలు లెక్కపెట్టండి

ప్రశ్న: గాజులమండ్యం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ విడిభాగాలు తయారుచేసే చిన్న యూనిట్ నడుపుతున్నాను. మా సరుకు కొనే పెద్ద కంపెనీ నెలకొకసారి కాకుండా రోజూ కొద్దికొద్దిగా పంపమంటోంది. గోదాములో అక్కరలేనిది పేరుకుపోతోంది, కావలసింది సమయానికి ఉండడం లేదు. ఒక సాఫ్ట్‌వేరు పెట్టుకుంటే నిల్వలు వాటంతటవే తగ్గుతాయంటున్నారు. నమ్మవచ్చునా?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: కొనవద్దని అనను గాని, ఇప్పుడే వద్దంటాను. పుస్తకంలో 40 బస్తాలని రాసి ఉండి గోదాములో 31 మాత్రమే ఉన్నప్పుడు, సాఫ్ట్‌వేరు ఆ తప్పు లెక్కనే మరింత వేగంగా చూపిస్తుంది.

మీకు రోజుకు 4 బస్తాల ముడిసరుకు ఖర్చవుతూ, ఆర్డరు పెట్టిన 5 రోజులకు చెన్నై నుంచి లోడు వస్తుందనుకుందాం. ఆ 5 రోజులకు 20, లారీ ఆలస్యమైతే ఆదుకోవడానికి మరో 2 రోజులకు 8, వెరసి 28 బస్తాలు. అడుగు నుంచి లెక్కపెట్టి 28వ బస్తా మీద ఒక ఎర్ర అట్టముక్క ఉంచండి. పైవన్నీ అయిపోయి ఆ అట్ట చేతికి వచ్చిన రోజే ఆర్డరు వెళ్లాలి, అంతకు ముందు వెళ్లకూడదు. జపాన్ కార్ల కంపెనీ టయోటాలో తాయిచి ఓనో అనే ఇంజనీరు రూపొందించిన, ఖర్చయినంతే తెప్పించుకునే కాన్‌బాన్ పద్ధతికి మూలం ఇలాంటి కార్డులే. అమెరికన్ సూపర్ మార్కెట్‌లో అమ్ముడైనంత మేరకే అరలను నింపే తీరు ఆయనకు ఆధారమైంది. టీకొట్టు దగ్గర మనం స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ కూడా 1994లో జపాన్‌లో డెన్సో అనే విడిభాగాల కంపెనీ వారు వాహన విడిభాగాల లెక్క కోసం తయారుచేసుకున్నదే.

అయితే నిల్వ అంతా వృథా అనుకోవద్దు. 2011 జపాన్ భూకంపం దెబ్బ తిన్నాక టయోటాయే ఎలక్ట్రానిక్ చిప్పుల విషయంలో సరఫరాదారులను కొన్ని నెలల నిల్వ ఉంచమంది.

ఇక ఆ పెద్ద కంపెనీ సంగతి. రోజువారీ సరఫరా కోరేవారు రానున్న నాలుగు వారాల అవసరాన్ని ముందుగా చెప్పాలి. వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ షీటుగా పంపినా చాలు. అది చెప్పకుండా రోజూ పంపమంటే వారి గోదాములోని బరువు మీ గోదాములోకి మారిందే తప్ప తగ్గినట్టు కాదు. ఈ మాట మొహమాటపడకుండా అడగండి.

మూడు నెలలపాటు అట్టముక్కల లెక్క, గోదాము లెక్క సరిపోయాక సాఫ్ట్‌వేరు చూడండి. అప్పుడు కూడా మీ గోదాము కుర్రవాడు ఫోనుతో స్కాన్ చేసి తెలుగులో చదువుకోగలిగినదే తీసుకోండి.