ఆఖరి బెంచీలో కూర్చున్నాకే వైట్ బోర్డు కొనండి

మీరు అడిగింది ఇదీ: గుంటూరులో అద్దె భవనంలో స్కూలు, పది క్లాసు గదులు, కింద చిన్న ఆఫీసు. అన్నింటికీ ఒకేసారి వైట్ బోర్డులు కొనాలి. మామూలు రకం చాలా, సిరామిక్ తీసుకోవాలా, గాజు బోర్డు ఎలా ఉంటుంది, బిగించడం మనమే చేయించుకోవచ్చా అని. నేను అరండల్‌పేటలో తొమ్మిదేళ్ళు ట్యూషన్ సెంటర్ నడిపాను, ఇప్పుడు విజయవాడలో పటమట వైపు ఒక స్కూల్లో కొనుగోళ్ళు, రిపేర్లు చూస్తున్నాను. ఈ లెక్కన ముప్పై బోర్డుల దాకా కొని ఉంటాను, అందులో ఏడెనిమిది తప్పుగా కొన్నాను. వాటి గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే బాగున్న బోర్డు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు.

2013లో సెంటర్ పెట్టినప్పుడు చేతిలో డబ్బు తక్కువ. షాపులో తెల్లగా మెరిసిపోతున్న 6 బై 4 అడుగుల బోర్డు చూపించారు, ధర విని సంబరపడి రెండు తెచ్చేసుకున్నాను. అది మెలమైన్ రకం. రెజిన్ పట్టించిన కాగితాన్ని చెక్కపొట్టు అట్ట మీద నొక్కి చేస్తారు, మన సన్‌మైకాకి తమ్ముడనుకోండి. ఆరు నెలలు అద్దంలా తుడుచుకుపోయింది. ఆ తర్వాత సంక్రాంతి సెలవుల ముందు రోజు పదో తరగతి వాళ్ళకి సైన్ స్క్వేర్ తీటా ప్లస్ కాస్ స్క్వేర్ తీటా ఈక్వల్స్ టు వన్ అని పెద్దగా రాసి, తుడవకుండా ఊరెళ్ళిపోయాను. వారం తర్వాత వచ్చి తుడిస్తే సగమే పోయింది. సెంటర్ మూసేసేదాకా ఆ సూత్రం కుడి మూలన లేత నీలంగా అలాగే ఉంది. స్లిప్ టెస్టు పెట్టినప్పుడల్లా పిల్లల కళ్ళు అటే పోతుంటే, ఆ మూల మీద క్యాలెండర్ తగిలించేవాణ్ణి.

అలా ఎందుకవుతుందంటే, వైట్ బోర్డు మార్కర్ సిరాలో స్పిరిట్ లాంటి ద్రావకం, రంగు, వాటితో పాటు ఆ రంగు ఉపరితలానికి అంటుకోకుండా చేసే జిడ్డు పదార్థం ఒకటి ఉంటాయి. స్పిరిట్ ఆరిపోయాక రంగు పలచటి పొరలా బోర్డు మీద తేలి ఉంటుంది, గుడ్డతో తుడిస్తే లేచిపోతుంది. మెలమైన్ మీద వాడేకొద్దీ కంటికి కనిపించని గీతలు, సన్న రంధ్రాలు పడతాయి, రంగు వాటిలోకి దిగిపోతుంది. ఇక దాన్ని లాగడం మన వల్ల కాదు. మా ఆయా పాపం మంచి మనసుతోనే గిన్నెలు తోమే పీచు, సర్ఫ్ నీళ్ళు పెట్టి రుద్దింది. ఆ రోజుతో బోర్డు పని అయిపోయింది, గీతలు ఇంకా పెరిగాయి.

సిరామిక్ అని షాపుల్లో అనేది అసలు ఇనప రేకే. రేకు మీద గాజు లాంటి ఎనామిల్ పూసి 800 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాలుస్తారు, మన అమ్మమ్మల నాటి తెల్ల ఎనామిల్ గిన్నెలు, పళ్ళేలు గుర్తున్నాయా, అదే పని. రంధ్రాలుండవు, సులువుగా గీతలు పడవు, తడిగుడ్డ పెట్టినా స్పిరిట్ పెట్టినా తట్టుకుంటుంది, అయస్కాంతం అతుక్కుంటుంది. ధర మెలమైన్‌కి రెండింతల పైనే అవుతుంది. రోజుకి ఏడెనిమిది పీరియడ్లు రాసే క్లాసులకైతే ఇదే కొనండి, ఇందులో నాకు రెండో మాట లేదు. మధ్యలో ఇంకో రకం ఉంటుంది, రేకు మీద ఎనామిల్ కాకుండా మామూలు పెయింట్ వేసినది. దీనికీ అయస్కాంతం అతుక్కుంటుంది, అందుకే కొందరు దీన్నే సిరామిక్ అని అంటగడతారు. అయస్కాంతం అతుక్కుంది కదా అని మోసపోకండి, బిల్లు మీద సిరామిక్ స్టీల్ అని రాయించుకోండి, ఉపరితలానికి ఎన్నేళ్ళ గ్యారంటీయో కూడా రాతలోనే అడగండి. పెయింటు రకానికి గ్యారంటీ అడిగితే మాట మార్చేస్తారు, అక్కడే తెలిసిపోతుంది.

షాపుకి వెళ్ళేటప్పుడు జేబులో ఒక మార్కర్, ఒక జేబురుమాలు పెట్టుకోండి. బోర్డు మూల మీద నాలుగు గీతలు గీసి, పక్కన టీ తాగి వచ్చి తుడవండి. అప్పుడే గీసి అప్పుడే తుడిస్తే ఏ బోర్డైనా బాగానే ఉంటుంది. తర్వాత బోర్డుని ట్యూబ్‌లైట్ కిందికి వంచి అందులో లైటు ప్రతిబింబం చూడండి. ట్యూబ్‌లైట్ గీత నిటారుగా కనబడితే రేకు చదునుగా ఉన్నట్టు, పాములా మెలికలు తిరిగితే లోపల అట్ట సరిగా అతకనట్టు. వెనక్కి తిప్పి కూడా చూడండి. వెనక జింకు రేకు ఉంటే సరే, ఒట్టి అట్టే ఉంటే మన చెమ్మకి, చెదలకి అది ఎన్నాళ్ళు నిలుస్తుందో మీరే ఆలోచించుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సింగ్‌నగర్‌లో మా ఫ్రెండు వాళ్ళ స్కూల్లో కింద గదులన్నీ మునిగాయి. రంగులు వేయిద్దామని దించి గోడకి చేరేసిన బోర్డులు మూడు రోజులు నీళ్ళలో ఉన్నాయి. ఎనామిల్ ముఖం కడిగితే కొత్తదానిలా వచ్చింది గానీ లోపలి అట్ట పొంగిన పూరీలా ఉబ్బి ఫ్రేముని చీల్చేసింది.

ఒక మాట, చాలామంది నవ్వుతారు గానీ జరిగేదే. కొత్త బోర్డు మీద పలచటి ప్లాస్టిక్ కవరు అతికించి ఉంటుంది. మా బావమరిది ఆడిటర్, బ్రాడీపేటలో ఆఫీసు. కొత్త బోర్డు బిగించి నెల తర్వాత ఫోన్ చేసి, "బావా, నువ్వు చెప్పిందే కొన్నా, అసలు చెరగట్లేదు, ముడతలు కూడా పడుతోంది" అన్నాడు. వెళ్ళి మూలన గోరు పెట్టి లాగితే సర్రున కవరు ఊడొచ్చింది, దానితో పాటు నెల రోజుల జీఎస్టీ లెక్కలూ వచ్చాయి.

గాజు బోర్డు విషయానికొస్తే, క్లాసు గదులకి వద్దు. తుడవడానికి దాన్ని మించింది లేదు, ఎన్నేళ్ళైనా మరక పట్టదు, అది నిజమే. కానీ మెరుపు ఎక్కువ. కిటికీ, ఫ్యాను, ట్యూబ్‌లైట్ అన్నీ అందులో కనిపిస్తాయి, పక్క వరసల పిల్లలకి అక్షరం కనబడదు. బరువు ఇంకో సంగతి. గాజు ఒక మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకి రెండున్నర కిలోలు తూగుతుంది, అంటే 6 బై 4 సైజులో 8 మిల్లీమీటర్ల గాజు 45 కిలోలకి దగ్గర. ఈ బోర్డులకి వాడే టఫెన్ చేసిన (వేడి చేసి గట్టిపరిచిన) గాజుకి తర్వాత బెజ్జం పెట్టడం గానీ కోయడం గానీ కుదరదు, పగిలి చూర్ణం అవుతుంది. కాబట్టి కొలతలు ముందే తేల్చుకోవాలి. మీ కింద ఆఫీసులో 4 బై 3 ఒకటి పెట్టుకోండి, బాగుంటుంది. మామూలు గాజు కొంచెం ఆకుపచ్చగా కొడుతుంది, తెల్లగా కావాలంటే ఎక్స్‌ట్రా క్లియర్ అని అడగాలి. గాజు మీద మామూలు అయస్కాంతాలు నిలవవు, వెనక ఇనప రేకు ఉన్న గాజు బోర్డైతేనే గట్టివి నిలుస్తాయి, అవి విడిగా కొనాలి.

ఇక అసలు సంగతి, ఎక్కడ పెట్టాలి అన్నది. ఇది బోర్డు కొన్నాక ఆలోచించే పని కాదు. పటమట స్కూల్లో నేను చేరిన కొత్తలో ఎనిమిదో తరగతి పిల్లలు మధ్యాహ్నం ఇంగ్లీషు పీరియడ్లో నోట్సు రాయట్లేదని మేడమ్ రోజూ గొడవ. ఒకరోజు మూడింటికి వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నా. ఎదురుగా బోర్డు లేదు, తెల్లటి వెలుగు ముద్ద ఉంది. వెనక గోడకి పడమటి కిటికీ, దాని ఎండ నేరుగా బోర్డు మీద పడి కళ్ళలోకి కొడుతోంది. పిల్లలు రెండు నెలలుగా పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటున్నారు, పాపం ఒక్కడూ నోరు తెరిచి చెప్పలేదు. బోర్డు పక్క గోడకి మార్చి బెంచీలు తిప్పాం, కిటికీ పిల్లల ఎడమ చేతి వైపుకి వచ్చింది, అంతే. అందుకే చెబుతున్నా, ప్రతి గదిలో ఉదయం పదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి ఆఖరి బెంచీలో రెండు కొసలా కూర్చోండి. బోర్డు రావాల్సిన చోట ఒక తెల్ల డ్రాయింగ్ షీటు అతికించి, రెండంగుళాల ఎత్తు అక్షరాలు రాసి చూడండి. ఎరుపు, ఆకుపచ్చ మార్కర్లు వెనక్కి సరిగా ఆనవని కూడా అప్పుడే తెలుస్తుంది, నలుపు, నీలం చాలు.

ఎత్తు సంగతి కూడా అంతే. నాలుగడుగుల బోర్డుని మూడడుగుల పైన పెడితే పై అంచు ఏడడుగులకి పోతుంది. మా తెలుగు మేడమ్ ఐదడుగులు కూడా ఉండరు, పై అడుగు మేర ఆవిడ ఏనాడూ రాయలేదు, కింద అడుగు మేర రాస్తే ముందు బెంచీ వాళ్ళ తలలు అడ్డం. చివరికి మిగిలింది మధ్యలో రెండడుగులు. అరుగు లాంటి ప్లాట్‌ఫాం ఉంటే మూడడుగులు సరే, లేకపోతే రెండున్నర దగ్గర పెట్టండి. ఒకటి, రెండు తరగతులకి రెండడుగులకే దించండి, పిల్లలు కూడా లేచొచ్చి రాస్తారు కదా.

గోడ దగ్గరికి వద్దాం. మామూలు ఇటుక గోడైతే ఏ ఇబ్బందీ లేదు, డ్రిల్లుతో బెజ్జం, ప్లగ్గు, రెండంగుళాల స్క్రూ. కొత్త అపార్టుమెంట్లలో వాడే లైట్ వెయిట్ బ్రిక్ గోడైతే జాగ్రత్త. అది పిండి పిండి అవుతుంది. డ్రిల్లుని హామర్ మీద (తిరుగుతూనే సుత్తిలా గుద్దేలా) పెట్టి కొడితే బెజ్జం బావిలా అవుతుంది, ప్లగ్గు లోపల తిరుగుతూనే ఉంటుంది. హామర్ ఆపేసి మామూలుగా తిప్పాలి, పొడవాటి నైలాన్ ప్లగ్గులు వాడాలి. మా దగ్గర బిగించడానికి వచ్చినాయన ఇవేం వినలేదు. "ఆగుద్ది సార్, నేను ఎన్ని కొట్టలేదు" అన్నాడు. శనివారం బిగించాడు, సోమవారం ప్రేయర్ టైములో ధడేల్మని కింద పడింది. గదిలో ఎవరూ లేరు కాబట్టి ఈరోజు నవ్వుతూ రాస్తున్నాను. జిప్సమ్ పార్టిషన్ అయితే లోపలి ఇనప పట్టీలని అయస్కాంతంతో వెతికి వాటికే స్క్రూ వేయాలి, ఉత్త జిప్సమ్ షీటుకి ఏదీ వేలాడదు.

అద్దె భవనం అన్నారు కాబట్టి ఇంకోటి. స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైన గోడ లోపల వైరింగ్ పైపు ఉంటుంది, అక్కడ బెజ్జం పెట్టొద్దు. డ్రిల్లు పెట్టే ముందు ఆ గది మెయిన్ ఆపేయించి, డ్రిల్లుకి పక్క గది నుంచి కరెంటు లాక్కోండి. బాత్రూము గోడకి పెట్టాల్సి వస్తే వెనక వాషర్లు వేసి అరంగుళం ఖాళీ వదలండి, లేకపోతే చెమ్మ అట్టలోకి ఎక్కుతుంది. ఎనిమిదడుగుల బోర్డుకి నాలుగు మూలలే కాదు, మధ్యలో పైనా కిందా కూడా ఆధారం ఇవ్వాలి. మట్టం కంటితో చూసి సరిపెట్టొద్దు. రసమట్టం ఉంటే సరే, లేకపోతే తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ పైపులో నీళ్ళు పోసి రెండు వైపులా గుర్తు పెట్టండి. వంకరగా ఉన్న బోర్డు మీద మేడమ్ ఎంత బాగా రాసినా లైన్లు కొండెక్కుతాయి. అన్నట్టు, ఆర్డరిచ్చే ముందు మెట్ల మలుపు కొలవండి. అరండల్‌పేటలో మా పాత మెట్ల దగ్గర 8 బై 4 తిరగక, 4 బై 4 రెండు తెచ్చి పక్కపక్కన పెట్టుకున్నాం, మధ్య అతుకు సరిగ్గా గ్రాఫు గీసే చోటే వచ్చేది. ఆటో ట్రాలీలో తెచ్చేటప్పుడు పడుకోబెట్టి తేవొద్దు, నిలబెట్టి కట్టమనండి.

ఇంత చెప్పి ఇది చెప్పకపోతే తప్పవుతుంది. పదికి పది గదులకీ వైట్ బోర్డు అక్కర్లేదు. ఒకటి నుంచి ఐదు దాకా ఆకుపచ్చ చాక్ బోర్డు పెట్టండి. బడులు బాగుచేసే నాడు-నేడు పథకం కింద ప్రభుత్వ బడుల్లో పెట్టినవి కూడా ఆకుపచ్చ చాక్ బోర్డులే. మార్కర్ 25–30 రూపాయలు, మా హైస్కూలు మాస్టార్లు రీఫిల్ లేకుండా రాస్తే రెండు మూడు రోజులకి ఒకటి అవగొడతారు. పది గదులకి లెక్క వేసుకోండి, రెండేళ్ళలో బోర్డు ధరని మార్కర్లు దాటేస్తాయి. సుద్ద దుమ్ము అంటారా, కంప్యూటర్ గదిలోనూ, ఆస్తమా ఉన్న టీచర్లకీ అది నిజంగా ఇబ్బందే, అక్కడ వైట్ బోర్డే ఉంచండి. మిగతా చోట్ల, మిర్చి యార్డు వైపు గాలి పీల్చి పెరిగిన ఊరు మనది, కాస్త సుద్దకి ఏం కాదు.

వాడకంలో రెండు మూడు జాగ్రత్తలు. మార్కర్లు పడుకోబెట్టి ఉంచాలి. రోజూ సాయంత్రం పొడి డస్టరుతో తుడిచి, వారానికోసారి తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ. మొండి మరకకి మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ దూదితో. ఎవరైనా పర్మనెంట్ మార్కర్‌తో రాసేస్తే టెన్షన్ పడకండి, ఆ గీతల మీదే వైట్ బోర్డు మార్కర్‌తో దిద్ది, తడి ఆరకముందే తుడవండి, కొత్త సిరాలోని ద్రావకం పాతదాన్ని కూడా కరిగిస్తుంది. స్పిరిట్ చాలాసార్లు అవసరమే పడదు.

పది ఒకేసారి ఆర్డర్ ఇవ్వకండి. ఎక్కువ రాసే లెక్కల మాస్టారి క్లాసుకి ఒకటి తెప్పించి నెల రోజులు వాడనివ్వండి, మధ్యలో ఒక శని ఆదివారాలు తుడవకుండా వదిలేసి సోమవారం చూడండి. అది తేలాక మిగతావి. మీ గోడలు ఇటుకా, లైట్ వెయిట్ బ్రిక్కా అన్నది రాస్తే ఏ సైజు ప్లగ్గు, ఎన్ని స్క్రూలు అన్నది చెబుతాను. తెలియకపోతే ఒక మేకు కొట్టి రాలిన పొడి చూడండి, ఎర్రగా వస్తే ఇటుక, బూడిద రంగులో మెత్తగా వస్తే రెండోది. పైన సిమెంటు పూత కూడా బూడిద రంగే కాబట్టి అంగుళం లోపలికి వెళ్ళాక వచ్చే పొడినే చూడాలి.