రెండు ఫైళ్లూ ఒకే సంచిలో పెట్టుకో

నాన్నా,

మీ అమ్మ ఫోనులో అంతా చెప్పింది. ప్రమాదం జరిగి ఇన్ని నెలలైనా నడుము, మెడ నొప్పి తగ్గలేదని, అర్ధరాత్రి కేక వేసి లేస్తున్నావని, బండి తాళాలవైపే చూడడం లేదని. "ఎమ్మారైలో ఏమీ లేదు, అంతా మనసులోనే" అని మీ బాబాయి అన్న మాటకు నొచ్చుకున్నావట. ఆ మాట పట్టించుకోకు. మూడు నెలలు దాటి నిలిచిపోయిన నొప్పికి స్కాన్‌లో ఆనవాలు దొరకకపోవడం మామూలే. గాయం మానినా నరాలు ఇంకా అపాయం ఉందన్నట్టే కబురు పంపుతుంటాయి. నొప్పి నిజం, పీడకలలూ నిజం. రెండూ వైద్యం ఉన్న జబ్బులే.

నా ఉద్యోగమంతా ఫిజియోథెరపీ గదిలోనే గడిచింది కనుక ఒక్క మాట గట్టిగా చెబుతాను. ముందు నొప్పి తగ్గనీ, తర్వాత మనసు సంగతి చూద్దాం అనుకోవద్దు. వెనక హారన్ మోగగానే భుజాలు బిగుస్తాయి. ఆ బిగువు సాయంత్రానికి మెడనొప్పి అవుతుంది. నొప్పి మొదలవగానే రోడ్డు మీద పడిన క్షణం కళ్లముందుకొస్తుంది. ఇక నిద్ర ఎక్కడిది? నిద్రలేని మర్నాడు నొప్పి ఇంకా పెరుగుతుంది. ఇలా ఒకదాన్నొకటి నిలబెడతాయని షార్ప్, హార్వీ అనే పరిశోధకులు 2001లోనే వివరించారు. అందుకే చికిత్స రెండింటికీ కలిపే సాగాలి.

ఇప్పుడు నా వృత్తి సంగతి. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, చెప్పకుండా వెనకనుంచి మెడ మీద చేయి వేస్తే నీలాంటివాళ్లు ఉలిక్కిపడతారు. ఆ క్షణంలో కండరం రాయిలా బిగుసుకుంటుంది, ఇక ఎంత నొక్కినా ఫలితం ఉండదు. కాబట్టి మొదటిరోజే ఫిజియోథెరపిస్టుతో చెప్పు: "నాకు ప్రమాదం తాలూకు భయం ఉంది. ముట్టుకునే ముందు చెప్పండి, వీలైతే కూర్చోబెట్టి చేయండి, ఆపమంటే ఆపండి." ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. విననివాళ్ల దగ్గర కొనసాగాల్సిన అవసరమూ లేదు.

నడక విషయంలో నీ తొందర నాకు తెలుసు. బాగున్న రోజు ఊరంతా తిరిగి, ఆ తర్వాత మంచం పడతావు. బాగాలేని రోజున కూడా ఎన్ని నిమిషాలు నడవగలవో చూసుకుని, అంతకంటే కాస్త తక్కువతో మొదలుపెట్టు. ఆగాల్సిన సమయం గడియారం చెప్పాలి, నొప్పి కాదు. కాళ్లు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లు.

రెండు ఫైళ్లూ ఒకే సంచిలో పెట్టుకుని, ఎముకల డాక్టరు రాసిన చీటీ మానసిక వైద్యుడికి, ఆయన చీటీ ఈయనకు తప్పక చూపించు. నొప్పికి వాడే ట్రమడాల్, దిగులుకూ భయానికీ వాడే సెర్ట్రాలిన్ కలిస్తే మూర్ఛలాంటి ప్రమాదాలు రావచ్చు. పక్కింటాయన ఇచ్చిన ఆల్ప్రజోలాం అనే మత్తు మాత్ర నిద్ర పట్టిస్తుందేమో గానీ ప్రమాదం మిగిల్చిన ఈ భయానికి, పీడకలలకు మందు కాదు. ఇలాంటి భయంతో బాధపడే అమెరికా మాజీ సైనికుల వైద్యానికి 2023లో వెలువడిన మార్గదర్శకాలు కూడా ఆ కోవ మాత్రలు వద్దనే అన్నాయి. ఇప్పటికే రోజూ వేసుకుంటుంటే హఠాత్తుగా ఆపకు, డాక్టరు చెప్పినట్టు తగ్గించు. నొప్పికీ దిగులుకూ ఒకే మందు పనికొస్తుందేమో కూడా అడుగు. డులోక్సెటిన్ వంటివి కొందరికి అలా ఉపయోగపడతాయి.

మందులకంటే ముందు నిలిచేది మాటలతో చేసే చికిత్స. జరిగినదాన్ని క్లినికల్ సైకాలజిస్టు సమక్షంలో కొద్దికొద్దిగా ఎదుర్కోవడం అది. మొదటి కొన్ని వారాల్లో కలలు, నొప్పి రెండూ పెరగవచ్చు. చాలామంది అక్కడే మానేస్తారు, నువ్వు మానకు. ఆ సంగతి సైకాలజిస్టుకు చెబితే వేగం తగ్గిస్తారు. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖ చినవాల్తేరులోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. అర్ధరాత్రి గుండె దడదడలాడితే, బతకడం ఎందుకనిపిస్తే, ఒంటరిగా భరించకు. మీ అమ్మను లేపు, 14416కు ఫోను చెయ్యి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను సేవ, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చేమీ ఉండదు.

మీ అత్తయ్య దిష్టి తీస్తానంటోందట. తీయించుకో, నష్టమేముంది. చికిత్స మానమంటే మాత్రం నాకు ఫోను కలిపి ఇవ్వు.

ప్రమాద నష్టపరిహారం కేసు వాయిదా వస్తోంది కదా. కోర్టులో అంతా మళ్లీ చెప్పాల్సి వస్తుంది, ఆ రాత్రి మెడ పట్టేయవచ్చు. నొప్పి పెరిగినంత మాత్రాన వెన్నుపూసకు కొత్తగా ఏదో అయిందని హడలిపోకు. ముందే సైకాలజిస్టుకు తేదీ చెప్పి సిద్ధపడు, తోడుగా తమ్ముణ్ణి తీసుకెళ్లు, మర్నాడు పని తక్కువ పెట్టుకో. మానసిక వైద్యం బిల్లులు కూడా దాఖలు చేయవచ్చేమో ప్లీడరుగారిని అడుగు. ఇప్పటిదాకా కట్టినవాటి రసీదులు మీ అమ్మ బీరువాలో ఉన్నాయట.

ఆశీస్సులతో,
పెద్దమ్మ