గ్రాంటు మార్చిలో ముగిస్తే ఏప్రిల్ ఎవరు చూస్తారు?

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మన గోదావరి డెల్టాలోని చిన్న సంఘాలకి గ్రాంట్లు ఇచ్చే ట్రస్టు పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషం. అడిగే కుర్చీలోనూ ఇచ్చే కుర్చీలోనూ కూర్చున్నవాణ్ణి గనక రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు క్యాలెండర్ సంగతి చూడు.

జనవరిలో కమిటీ కూర్చుంటుంది, ఫిబ్రవరిలో డబ్బు పడుతుంది, మార్చి 31 లోపు ఖర్చయినట్టు యూటిలైజేషన్ సర్టిఫికెట్ పంపమంటారు. అంత తక్కువ గడువులో సంఘం వాళ్ళు ఏం చేయగలరు? ఒక హాలు మాట్లాడి, ఫ్లెక్సీ కట్టి, అవగాహన సదస్సు పెట్టి, బిర్యానీ పొట్లాలు పంచి లెక్క తేల్చేస్తారు. వాళ్ళని తప్పుపట్టకు, ఆ గడువు పెట్టింది మనమే.

అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. సర్కారు ఇచ్చే భృతి బోటు మీద వెళ్ళేవాళ్ళ పేరున వస్తుంది. గంపలో చేపలు అమ్ముకునే ఆడవాళ్ళు ఆ జాబితాలో ఉండరు. అటు దాళ్వా (రబీ వరి) కోతలవుతాయి, కాలువలకి నీళ్ళు ఆపేస్తారు, సార్వా (ఖరీఫ్ వరి) ఊడ్పులు పడేదాకా పొలంలో కూలి ఉండదు. జూన్లో బళ్ళు తెరుస్తారు. వడ్డీకి తెచ్చుకునేది అప్పుడే. ఇక జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే నది మధ్య లంక ఊళ్ళలో ఎవరికీ నిద్ర ఉండదు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. పడవ కావాలి, మందులు కావాలి, పశువులకి గడ్డి కావాలి. సంఘం ఖాతా చూస్తే మార్చిలోనే ఖాళీ.

అందుకని డబ్బు మార్చి నెలాఖరుకి వాళ్ళకి చేరేట్టు చూడు, లెక్క మరుసటి మార్చికి అడుగు. వరదకి కొంత విడిగా ఉంచు. దానికి అప్లికేషన్ వద్దు. ఫోన్ చేస్తే మర్నాటికల్లా ఖాతాలో పడాలి. కమిటీలో ఒకరిద్దరు ససేమిరా అంటారు. కూర్చోబెట్టి ఒప్పించు.

ఇంకోటి జీతాల గొడవ. కార్యక్రమానికి ఇస్తాం, జీతాలకి ఇవ్వం అనే నియమం నాకు మొదటినుంచీ మింగుడుపడలేదు. కౌలు రైతుల సంగతే తీసుకో. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుని సాగుదారుగా గుర్తించే సీసీఆర్‌సీ కార్డు రావాలంటే పొలం యజమాని సంతకం చెయ్యాలి. ఇన్ని బస్తాలని మక్తా (కౌలు) నోటి మాట మీద ఒప్పుకుని దున్నుతున్నవాడికి ఆ సంతకం దొరకడం ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు. మన చుట్టాల్లోనే పెట్టనివాళ్ళు ఉన్నారు. కార్డు లేకపోతే పంట రుణానికి బ్యాంకు గడప ఎక్కలేడు, పంట మునిగితే పరిహారం పొలం పేరున్నవాళ్ళకే పోతుంది. హైదరాబాదులో ఉన్న యజమానికి పదిసార్లు ఫోన్ చేసి, ఆయన పండక్కి ఊరొచ్చినప్పుడు పట్టుకుని, కాగితం పట్టుకుని వీఆర్వో దగ్గరికి తిరిగే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషికి నెల జీతం, బండికి పెట్రోలు. కార్యక్రమం అంటే అదే, ఇంకేం లేదు. నర్సాపురం వైపు లేసు అల్లేవాళ్ళకీ ఇంకో శిక్షణ అక్కర్లేదు. వాళ్ళు మనకే నేర్పుతారు. దారం అరువు ఇప్పించి, దళారి లేకుండా కొనేవాణ్ణి వెతికి, లెక్కలు రాసే మనిషి కావాలి.

అప్లికేషన్ తెలుగులో రెండు పేజీలు దాటనివ్వకు. చేత్తో రాసినా తీసుకో. ఇంగ్లీషు ఫారం పెడితే అమలాపురం, భీమవరం, కాకినాడల్లో ఆఫీసు ఉన్న సంఘాలే మళ్ళీ మళ్ళీ వస్తాయి. రేవు దాటి వెళ్ళాల్సిన ఊళ్ళు రావు.

అమెరికా డబ్బు విషయంలో మాత్రం ఆడిటర్ని అడక్కుండా అడుగు వెయ్యకు. ఇండియా పాస్‌పోర్టు ఉన్న మనవాడు తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న మీ బావ పంపితే వస్తుంది, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి. అనుమతి ఉన్నా 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వడానికి లేదు. అంటే గ్రాంట్లకి అది పనికిరాదు. ఇక్కడి డబ్బే చూసుకోవాలి.

ఊళ్ళు చూడ్డానికి వెళ్ళినప్పుడు ముందురోజు చెప్పకు. చెప్తే దండ, శాలువా, చేపల పులుసు, చేతిలో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. మన గోదావరోళ్ళ మర్యాద తెలుసుగా, ఆ ఖర్చంతా నువ్విచ్చిన గ్రాంటులోంచే. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళు, టీ తాగు. సంఘం ప్రెసిడెంటుతో తక్కువ, రిజిస్టరు రాసే అమ్మాయితో ఎక్కువ మాట్లాడు.

కమిటీ జనవరిలోనే కూర్చుంటుంది కాబట్టి సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ ఫారం నమూనా పట్టుకురా, కూర్చుని సగం ప్రశ్నలు కొట్టేద్దాం.

మీ పెదనాన్న