కడపలో ఎస్సై అనుకుంటే మన ఫోన్ వినొచ్చా?

ఏడు రోడ్ల కాడ టీ తాగుతా రాజకీయాలు మాట్లాడేటప్పుడు మావోళ్లు ఫోన్లు దూరంగా పెడతారు, ఎస్సై వింటాడంట. అట్లేం లేదప్పా, చట్టం ప్రకారం ఎస్సై కాదు గదా ఎస్పీ కూడా సొంతంగా ట్యాపింగ్ ఆర్డర్ ఇచ్చేదానికి లేదు, రాష్ట్రంలో హోం సెక్రటరీ సంతకం ఉండాల, మరీ అర్జెంటైతే ఐజీ స్థాయి ఆఫీసర్ ఇచ్చినా 7 పనిదినాల్లో హోం సెక్రటరీ ఒప్పుకోవాల. ఆర్డర్ 60 రోజులు, పొడిగించినా 180 దాటకూడదు. ఈ కట్టడికి మూలం 1996లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే.

నాకు నచ్చనిది, ఆ ఆర్డర్లు చూసే రివ్యూ కమిటీలో చీఫ్ సెక్రటరీ, ఇంకో ఇద్దరు సెక్రటరీలు, అంతా సర్కారోళ్లే, జడ్జి ఒక్కరూ ఉండరు, విన్నామని మనకు చెప్పే రూలూ లేదు. కాల్ లిస్టు తీసేది మాత్రం వేరే సంగతి, దానికి ఇంత పైకి పోనక్కర్లేదు.