తమ్ముణ్ని అక్కడికి పంపితే పరువు పోతుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఒక బస్తీ. నాన్న ఆటో నడుపుతారు. పదహారేళ్ల తమ్ముడు తొమ్మిదో తరగతితో బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరాడు. రాత్రి పదకొండు దాటితే గానీ ఇల్లు చేరడం లేదు. జేబులో వైట్‌నర్ సీసా దొరికింది. మొన్న స్నేహితుల గొడవలో పోలీసులు స్టేషనుకు తీసుకెళ్లి వదిలేశారు. మా కమ్యూనిటీ హాలులో ఒక స్వచ్ఛంద సంస్థ సాయంత్రాలు ఇలాంటి పిల్లలకు ఆటలు, చదువు, పని నేర్పుతోంది. తమ్ముడు వెళ్తానంటున్నాడు. నాన్న మాత్రం ‘మేం బతికుండగా అనాథల్లో కలుపుతావా?’ అంటున్నారు. ఏం చేయను?
– ఒక అక్క

జవాబు: మీ తమ్ముడు తనంతట తానే వెళ్తానంటున్నాడు కదా, ముందు ఆ మాట జారిపోకుండా చూసుకోండి. ఈ వయసు పిల్లలను నయానా భయానా కదిలించలేక అలసిపోయిన ఇళ్లు ఎన్నో.

నాన్నగారిది కోపంలా కనిపిస్తున్నా లోపల ఉన్నది అవమానం. కొడుకును అదుపులో పెట్టలేకపోయాడని నలుగురూ అంటారని ఆయన బెంగ. నిజానికి ఇలాంటి చోట్లకు వచ్చేది అనాథలే కాదు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి బాలకార్మికులను బడికి మళ్లించిన ఎం.వి. ఫౌండేషన్‌నే చూడండి. అమ్మానాన్నలున్న పిల్లలనే పని మాన్పించి, వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసే బ్రిడ్జి క్యాంపుల్లో చదువు అందించి, మామూలు ప్రభుత్వ బడుల్లో చేర్పించారు. తల్లిదండ్రులతోనూ, పనిలో పెట్టుకున్నవారితోనూ కూర్చుని ఒప్పించడం అందులో పెద్ద పని. ఆ కృషికే సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది.

కాబట్టి నాన్నగారిని అనుమతి అడగకండి, తనిఖీకి పంపండి. ‘ఒక సాయంత్రం చూసి రండి నాన్నా, మీకు నచ్చితేనే’ అనండి. చెప్పకుండా వెళ్లినా లోపలికి రానిస్తున్నారా? పిల్లల దగ్గర ఉండే పెద్దలెవరు? సంస్థకు రిజిస్ట్రేషన్ ఉందా? ఇవన్నీ ఆయనే అడగాలి. ఇంకొకటి: ‘చెడు దారి నుంచి మళ్లిన కుర్రాడు’ అని ఫొటో తీసి చందాల కోసం వాడుకుంటామంటే మొహమాటం లేకుండా కుదరదనండి. మంచి సంస్థలకు ఆ యావ ఉండదు.

వైట్‌నర్ సంగతి మాత్రం ఆటలతో తీరిపోతుందనుకోవద్దు. మత్తు కోసం దాన్ని పీల్చడం మెదడుకే కాదు, గుండెకూ ప్రమాదం. తిట్టకుండా ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్యుడికి చూపించండి. అంతకుముందే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోను చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

మళ్లీ స్టేషను గొడవ వస్తే పెద్దవారెవరైనా వెంటనే వెళ్లి, పిల్లల వ్యవహారాలు చూసే బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరని అడగండి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారిని లాకప్‌లో పెట్టకూడదు.

చదువు మాట మొదటి వారంలోనే ఎత్తకండి, బెదిరిపోతాడు. కాస్త కుదురుకున్నాక ఓపెన్ స్కూల్ గురించి చెప్పండి. పద్నాలుగేళ్లు నిండితే చాలు, పదో తరగతికి నేరుగా కట్టవచ్చు, పని మానక్కర్లేదు.

ఇక షెడ్డు యజమాని సాయంత్రం ఆరింటికల్లా వదిలితేనే ఇదంతా సాగేది. ఆ మాట అడిగే పని నాన్నగారికే అప్పగించండి. మీరు అడిగితే నవ్వేసి ఊరుకుంటాడు, తండ్రి వెళ్లి అడిగితే కాదనడం అంత సులువు కాదు.