పాము పేజీ అచ్చుకి ఇచ్చేముందు

చిన్నీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పిల్లల కథ రాస్తున్నావనీ, దాన్ని పుస్తకంగా వేయిస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కాకి, కుందేలు, ఉడత, తాబేలు స్నేహితులట. మూతపడిన బడిలో దొరికిన పుస్తకాలు చదివి తమ కష్టాలు తామే తీర్చుకుంటాయట. అప్పటి నుంచీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఇదే చెబుతున్నాను. కానీ మధ్యలో కుందేలుని పాము కరుస్తుందనీ, మిగతావి పుస్తకం చూసి వైద్యం చేస్తాయనీ విన్నాక టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

వాక్యాలు పొట్టిగా ఉండనీ. అక్షరాలు పెద్దవి వేయించు. బొమ్మలో ఉడత వీపు మీద చారలు మర్చిపోకు.

జంతువులకి వాటి తెలివి వాటికి ఉంచు. చిన్నయసూరి మిత్రలాభంలో పావురాల రాజు చిత్రగ్రీవుడు చిక్కుకున్న వల కొరికింది హిరణ్యకుడనే ఎలుక. ఎలుకకి పళ్లున్నాయి కాబట్టి ఆ పని దానిది. కుండలో రాళ్లు వేసిన కాకి కథ ఉందే, 2009లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు దాన్ని పరీక్షించారు. గాజు గొట్టంలో నీళ్లు పోసి పైన పురుగుని వదిలితే, రూక్ అనే కాకి జాతి పక్షులు నిజంగానే రాళ్లు వేసి నీళ్లు పైకి తెచ్చుకున్నాయి. నీ కథలోనూ చదివినదానికి ముక్కూ పళ్లూ తోడైతేనే పని జరగాలి. పుస్తకం తెరవగానే కష్టం పోతే అది మంత్రాల కథే.

ఇక పాము. నేను దివిసీమలో పాఠాలు చెప్పే రోజుల్లో మా బడి అలమరాలో ఒక కథల పుస్తకం ఉండేది. అందులో కోతి తన నేస్తానికి పాము కరిస్తే పైన తాడు బిగించి కట్టి, గాటు పెట్టి, విషాన్ని నోటితో పీల్చేస్తుంది. బొమ్మ ఎంత బాగుండేదో! అయిదో తరగతి పిల్లాడొకడు దాన్ని పదేపదే తీసుకెళ్లేవాడు. ఒక సాయంత్రం గడ్డివాము దగ్గర వాడి తమ్ముడిని రక్తపింజర కరిచింది. ఇంట్లో పెద్దవాళ్లు లేరు. కోతి చేసినట్టే వీడు తాడు బిగించాడు, బ్లేడుతో కోశాడు. రక్తపింజర విషానికి రక్తం గడ్డకట్టదు, చిన్నీ. ఆ గాటు నుంచి రక్తం ఆగలేదు. బిగించిన కాలు వాచి నల్లబడింది. ఆస్పత్రికి చేరేసరికి చీకటి పడింది. ప్రాణం దక్కింది కానీ ఆ కాలు మళ్లీ మామూలు కాలేదు. తర్వాత అన్న ఆ పుస్తకం పట్టుకొచ్చి, "ఇందులో ఇలాగే ఉంది కదండీ మేడం" అన్నాడు. వాడిని దగ్గరికి తీసుకోవడం తప్ప ఏం చెప్పను? వాడు చదివాడు, నమ్మాడు, తమ్ముడి మీద ప్రేమతో చేశాడు. తప్పంతా ఆ పేజీ రాసినవాళ్లది. ఆ రాసిన మనిషి స్థానంలో నువ్వు ఉండకూడదు. కోప్పడుతున్నానని అనుకున్నా సరే.

కుందేలుని వదిలెయ్. పొలానికొచ్చిన పాపని కరిచినట్టు రాయి. కుందేలు ఒక పాత పుస్తకం తెస్తుంది. తాబేలు నిదానంగా అచ్చయిన సంవత్సరం చూసి, ఇంకో కొత్త పుస్తకంతో పోల్చి చూద్దామంటుంది. కట్టు బిగించకూడదు, కోయకూడదు, పీల్చకూడదు, పాపని కదలనివ్వకూడదు అని అందులో తెలుస్తుంది. కాలు వాస్తుంది కాబట్టి పాప కాలికున్న నల్లతాడుని ఉడత కొరికేస్తుంది. కాకి అరిచి ఊరివాళ్లని లాక్కొస్తుంది, వాళ్లు 108కి ఫోన్ చేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే ఇంజెక్షన్ ఆస్పత్రిలో ఉంటుందని డాక్టరు పాత్రతో చెప్పించు. వీలైతే కట్లపాము సంగతీ రాయి. అది రాత్రిళ్లు కింద పడుకున్నవాళ్లని కరుస్తుంది, ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. మన ఊళ్లల్లో ఎంతమంది పిల్లలు చాప మీద పడుకుంటారో నీకు తెలుసుగా.

రాశాక ఆ పేజీని ప్రభుత్వాసుపత్రి డాక్టరు ఎవరికైనా చూపించు. తప్పంటే, బొమ్మకి ఎంత ఖర్చయినా సరే, తీసెయ్. ఇంటర్నెట్‌లో చూశానని నాతో అనకు.

డబ్బులు తక్కువైతే మొహమాటపడకుండా అడుగు, నా పెన్షన్ ఉంది. వేళకి తిను. రాత్రంతా మేలుకుని రాస్తున్నావట, మీ అమ్మ అదీ చెప్పింది. రాసినంతవరకూ నాకు పంపు. కళ్లజోడు మార్పించుకున్నాను, చిన్న అక్షరాలైనా చదవగలను.

మీ పెద్దమ్మ